వార్‌గేమ్‌లకూ తీవ్ర వామపక్ష రాజకీయాలకూ ఉన్న సంబంధం ఏ పాటిది?

ప్రశ్న: షడ్భుజి

బోర్డు మీద యుద్ధాన్ని అనుకరించి ఆడే వార్‌గేమ్‌లంటే నాకు చాలా కాలంగా ఇష్టం. వామపక్ష రాజకీయ సాహిత్యం కూడా దాదాపు అంతే కాలంగా చదువుతున్నాను. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతున్నాయని ఈ మధ్య ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. అతడి వాదన తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు. ఈ ఆటల పుట్టుకే ప్రష్యా సైన్యపు నీడలో జరిగింది. 1812లో ఫాన్ రైస్విట్జ్ ప్రష్యా రాజుకు చూపించిన యుద్ధపు ఆట బల్లను, 1824లో సైనికాధికారి అయిన ఆయన కొడుకు మ్యాపు మీద ఆడే పద్ధతిగా మార్చాడు. సైన్యం దాన్ని అధికారుల శిక్షణలో చేర్చుకుంది. 1950లలో అమెరికాలో చార్లెస్ రాబర్ట్స్ ఈ ఆటను మామూలు ఇళ్లలోకి తెచ్చిన తరువాత కూడా ఆటగాడు కూర్చునే కుర్చీ మారలేదు. అతడు ఎప్పుడూ సేనాపతే, అతడి ఆజ్ఞకు కదిలేవాళ్లు ఎప్పుడూ అట్టముక్కలే. మనుషులను పై నుంచి చూడడం నేర్పే ఆట, కింది నుంచి లోకాన్ని మార్చాలనే రాజకీయాలకు ఎలా పనికొస్తుందని అతడి ప్రశ్న.

అయితే చరిత్రలో దీనికి ఎదురు నిలిచే పేర్లు కూడా ఉన్నాయి. బొమ్మ సైనికులతో ఇంటి నేల మీద ఆడే యుద్ధానికి 1913లో నియమాలు రాసిన హెచ్.జి. వెల్స్ సోషలిస్టు, అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ పనో చెప్పడానికి ఆ పుస్తకాన్నే ఆయన వాడుకున్నాడు. 1968 మేలో తిరుగుబాటుకు దిగిన ఫ్రాన్సు యువతను ప్రభావితం చేసిన రచయిత గీ దెబోర్ తన జీవితంలో పెద్ద భాగాన్ని ఒక వార్‌గేమ్‌ మీద వెచ్చించాడు. ఇవి కేవలం వ్యక్తుల అభిరుచులేనా? లేక ఆట నిర్మాణంలోనే తీవ్ర వామపక్ష ఆలోచనకు చోటిచ్చే గుణం ఏదైనా ఉందా? పెట్టె మీది బొమ్మల గురించీ కథావస్తువు గురించీ నేను అడగడం లేదు. నియమాలను దగ్గరగా చూసి చెప్పగలవారు చెబితే సంతోషిస్తాను.

సమాధానం: సరఫరామార్గం

షడ్భుజి గారూ, దెబోర్ పేరు మీరే ఎత్తారు కాబట్టి అక్కడే మొదలుపెడతాను. కథావస్తువులో విప్లవం ఛాయ కూడా లేకుండా నియమాలలో మాత్రమే రాజకీయం దాగి ఉన్న ఆట నాకు తెలిసినంతలో అదొక్కటే.

దెబోర్ ఈ ఆటను 1950లలోనే ఊహించి, 1965లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన నడిపిన తీవ్ర వామపక్ష బృందం సిచ్యుయేషనిస్ట్ ఇంటర్నేషనల్ 1972లో రద్దయిన తరువాత, 1977లో సినీ నిర్మాత, ప్రచురణకర్త జెరార్ లెబోవిసీతో కలిసి ఆటల కోసమే ఒక సంస్థను పెట్టి, లోహపు పావులతో కొద్ది సెట్లు చేయించాడు. 1987లో తానూ, భార్య ఆలిస్ బెకర్-హో ఆడిన ఒకే ఒక్క ఆటను ఎత్తు వెంట ఎత్తుగా నమోదు చేసి ఏకంగా ఒక పుస్తకం వేశారు. తన పనులన్నిటిలోకీ ఎంతో కొంత విలువ ఉందని లోకం ఒప్పుకోబోయేది బహుశా ఈ ఆటనే అని తరువాత ఒకచోట రాసుకున్నాడు. ఆ మాటలో కొంటెతనం పాలు ఎంతో, నిజం పాలు ఎంతో చెప్పడం కష్టం.

ఇక నియమాలు. బోర్డు మీద 20 వరుసలు, 25 నిలువులు, అంటే 500 గళ్లు. ఉత్తర పక్షం, దక్షిణ పక్షం. ఒక్కొక్కరికీ కదలని ఆయుధాగారాలు రెండు, కోటలు మూడు, నడుమ కనుమ ఉన్న ఒక పర్వతశ్రేణి ఉంటాయి. పావుల విషయానికి వస్తే కాల్బలం తొమ్మిది, అశ్వదళం నాలుగు, ఫిరంగి దళాలు రెండు. వీటికి తోడు పోరాడే శక్తి బొత్తిగా లేని సమాచార దళాలు రెండు. పాచికలు లేవు. ఒక్కో వంతులో అయిదు పావులను మించి కదపకూడదు, ఒకే ఒక్క దాడి చేయవచ్చు. పదిహేడు పావులున్న సైన్యంలో అయిదింటికే కదలిక అంటే, ప్రతి వంతులోనూ ఎవరిని నిలబెట్టేయాలో నిర్ణయించుకోక తప్పదు.

ఆటంతా నిజానికి సమాచార రేఖల చుట్టూ తిరుగుతుంది. ప్రతి ఆయుధాగారం నుంచి అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా కంటికి కనిపించని రేఖలు బయలుదేరుతాయి; సమాచార దళం ఆ రేఖ మీద నిలబడితే అక్కడి నుంచి మళ్లీ అన్ని దిక్కులకూ వాటిని ప్రసరింపజేస్తుంది. రేఖ మీద ఉన్న దళమూ, అలాంటి దళాన్ని ఆనుకొని ఉన్న దళమూ మాత్రమే ప్రాణమున్నవి. రేఖ తెగితే ఆ దళం కదలలేదు, దాడి చేయలేదు. మీ కుడి పార్శ్వంలో కాల్బలం, ఫిరంగి కలిసి శత్రువు కోటను చుట్టుముట్టి గెలుపు అంచున ఉన్నాయనుకోండి. వాటికి వెనుక, ఎంతో దూరంలో, ఖాళీ మైదానంలో ప్రత్యర్థి అశ్వదళం ఒకటి రెండు గళ్లు జరిగి ఒక గడిలో నిలుస్తుంది. అది ఎవరినీ కొట్టలేదు, దాని దగ్గర పోరూ జరగలేదు. అయినా మీ కుడి పార్శ్వమంతా ఆ క్షణాన రాళ్ల వరుసగా మారిపోతుంది. ఈ ఆటలో ఓటములు ఎక్కువగా ఇలాగే వస్తాయి. చదరంగంలో రాజుకు కలిగే ప్రమాదం ఇక్కడ సంబంధాలకు కలుగుతుంది.

రాజకీయం అక్కడే ఉందని నా అభిప్రాయం. 1968 మే మధ్యలో విద్యార్థులు పారిస్‌లోని సోర్బన్ విశ్వవిద్యాలయం నుంచి బియాంకూర్‌లోని రెనో కార్ల కర్మాగారం దాకా ఊరేగింపుగా వెళ్లారు; లోపల సమ్మె చేస్తున్న కార్మికులను వాళ్లు కలవకుండా యూనియన్ నాయకత్వం గేట్లు మూసే ఉంచింది. కర్మాగారం కార్మికుల చేతిలోనే ఉంది, విశ్వవిద్యాలయం విద్యార్థుల చేతిలోనే ఉంది. రెండు బలగాల నడుమ రేఖ మాత్రం లేదు. ఆ అనుభవాన్ని దృష్టిలో పెట్టుకొనే నియమాలు రాశాడని నేను అనడం లేదు, ఆట ఊహ అంతకన్నా పాతది. కాని ఒకరినొకరు చేరుకోలేని బలగం ఎంత పెద్దదైనా చచ్చిన బలగమేనన్న అవగాహన ఆయన రాజకీయ రచనలలోనూ ఈ బోర్డు మీదా ఒకటే. ఆధునిక సమాజం మనుషులను విడదీసి పాలిస్తుందని జీవితమంతా వాదించిన మనిషి, విడిపోవడాన్నే ఓటమిగా నిర్వచించే ఆటను తయారుచేయడంలో నాకు కాకతాళీయం కనిపించదు.

దీన్ని ఈ కోణంలోనే ఆడి చూపించినవారు కూడా ఉన్నారు. లండన్‌లో రిచర్డ్ బార్‌బ్రూక్, ఆయన సహచరులు క్లాస్ వార్‌గేమ్స్ అనే బృందంగా ఏర్పడి ఈ ఆటను బహిరంగంగా, జట్లుగా ఆడించారు. 2014లో ఆయన దాని మీద పుస్తకం కూడా రాశాడు. సేనాపతుల విద్యను అందరూ నేర్చుకుంటే సేనాపతుల అవసరమే తగ్గుతుందన్నది వాళ్ల వాదనలో సారం. మీ మిత్రుడికి అదొక జవాబు కావచ్చు.

సమాధానం: ఎర్రపావు

సరఫరామార్గం గారి వివరణ చక్కగా ఉంది, కాని దానితో నేను ఏకీభవించలేను. సమాచార రేఖ తెగితే సైన్యం స్తంభించిపోతుందన్న సంగతి ప్రష్యా సేనాపతి క్లాజ్‌విట్జ్‌కూ తెలుసు, అది నేర్చుకోవడానికి ఎవరూ విప్లవకారులు కానక్కరలేదు. దెబోర్ ఆటలో ఏది లేదో చూడండి. వాతావరణం, రాత్రింబవళ్లు, సైనికుల మనోబలం, శత్రువు ఎక్కడున్నాడో తెలియని అనిశ్చితి తన ఆటలో లేవని ఆయనే చెప్పుకున్నాడు. వీటిలో మనోబలాన్ని వదిలేయడం చిన్న విషయం కాదు. 1871 మార్చి 18న పారిస్‌లో ఏం జరిగింది? మోంమార్త్ర్ గుట్ట మీది ఫిరంగులను తీసుకుపోవడానికి ప్రభుత్వం సైన్యాన్ని పంపింది. అడ్డం వచ్చిన జనం మీద కాల్పులు జరపమని ఇచ్చిన ఆజ్ఞను సైనికులు తిరస్కరించి, తుపాకులు తిప్పి పట్టి జనంలో కలిసిపోయారు. పారిస్ జనం తమ నగరాన్ని తామే ఏలుకున్న కమ్యూన్ పుట్టింది అలా. దెబోర్ బోర్డు మీద ఈ సంఘటనకు చోటే లేదు, ఎందుకంటే ఆయన కాల్బలం ఎన్నడూ ఆజ్ఞను ధిక్కరించదు. విప్లవం గురించి ఆలోచించడానికి ఉపయోగపడే ఆటలో పావుకు ఎదురుతిరిగే హక్కు ఉండాలి.

మరో విడ్డూరం కూడా చెప్పాలి. సిచ్యుయేషనిస్టుల పత్రికలోని రచనలను ఎవరైనా, మూలం చెప్పకుండానైనా, స్వేచ్ఛగా వాడుకోవచ్చని వాళ్లే అచ్చువేసుకున్నారు. 2008లో అమెరికాలో అలెగ్జాండర్ గాలోవే బృందం ఈ ఆటకు కంప్యూటర్ రూపం ఇవ్వగానే మాత్రం దెబోర్ వారసుల తరఫు న్యాయవాది నుంచి నోటీసు వచ్చింది. మరుసటి ఏడు ఫ్రాన్సు ప్రభుత్వం దెబోర్ కాగితాలను జాతీయ నిధిగా ప్రకటించింది! ఆటకు దీనితో సంబంధం లేదని తెలుసు, చెప్పకుండా ఉండలేకపోయాను.

జనం మనసును లెక్కలోకి తీసుకున్న ఆటలు వేరే ఉన్నాయి. 1968లో కొలంబియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు భవనాలను ఆక్రమించారు. అక్కడే చదువుతున్న జేమ్స్ డనిగన్, తరువాతి కాలంలో వార్‌గేమ్‌ల రంగంలో పెద్ద పేరయినవాడు, ఆ ఘటన మీద ఒక ఆట తయారుచేయగా 1969లో ఆ విశ్వవిద్యాలయపు విద్యార్థి పత్రిక దాన్ని ప్రచురించింది. అందులో ఆక్రమించవలసింది భూమిని కాదు. విద్యార్థులు, అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు వంటి సమూహాల మొగ్గు ఎటు ఉందన్నదే పోరాటం. సైన్యాలు లేకుండా కూడా వార్‌గేమ్ ఆలోచన నిలబడగలదని చూపిన తొలి ఆటల్లో అదొకటి.

ఆ దారిలో అన్నిటికన్నా దూరం వెళ్లింది కోయిన్ (తిరుగుబాటు అణచివేత అనే అర్థమున్న ఇంగ్లీషు మాటకు పొట్టి రూపం) ఆటల పరంపర. దీన్ని మొదలుపెట్టిన వోల్కో రూంకీ అమెరికా గూఢచార సంస్థ సీఐఏలో విశ్లేషకుడిగా పనిచేసినవాడన్న సంగతి వామపక్ష ఆటగాళ్లను ఇబ్బంది పెడుతుంది, పెట్టాలి కూడా. అయినా 2012 నుంచి వచ్చిన ఈ ఆటల్లో గెరిల్లాగా కూర్చున్నవాడికి దొరికే చూపు, పూర్వపు ఆటలేవీ ఇవ్వనిది. క్యూబా మీద వచ్చిన ఆటనే తీసుకుందాం. నియంత బతీస్తా ప్రభుత్వం, కాస్ట్రో నడిపిన జులై 26 ఉద్యమం, డైరెక్టోరియో అనే మరో తిరుగుబాటు సంస్థ, జూదగృహాలు నడిపే మాఫియా అంటూ నాలుగు పక్షాలుంటాయి. గెరిల్లా పావు చిన్న చెక్క దిమ్మ, దాని ఒక చివర గుర్తు ముద్రించి ఉంటుంది. గుర్తు కిందికి ఉంటే ఆ గెరిల్లా జనంలో దాగి ఉన్నాడు, పైకి ఉంటే బయటపడ్డాడు. దాగి ఉన్నవాడిని ప్రభుత్వ సైన్యం తాకలేదు. ముందు గాలింపు జరిపి దిమ్మను తిప్పించాలి, ఆ తరువాతే దాడి. ఇంత చేసినా ఆ ప్రాంతపు జనం ప్రతికూలంగా ఉంటే ప్రభుత్వానికి మిగిలేది చాలా తక్కువ, ఎందుకంటే జులై 26 ఉద్యమం గెలుపును లెక్కించేది జనంలో ఉన్న వ్యతిరేకతను, నిలబెట్టుకున్న స్థావరాలను కూడి. చంపిన శత్రువుల సంఖ్య ఆ లెక్కలోకే రాదు.

సమాధానం: నల్లరాయి

పై ఇద్దరూ ఐరోపా, అమెరికా ఆటల దగ్గరే ఆగిపోయారు. వామపక్ష విప్లవ సిద్ధాంతానికీ బోర్డు ఆటకూ ఉన్న లిఖిత సంబంధం చైనాలో ఉంది. జపాను ఆక్రమణకు వ్యతిరేకంగా సాగవలసిన గెరిల్లా యుద్ధం గురించి 1938లో రాసిన వ్యాసాలలో మావో, నల్ల, తెల్ల రాళ్లతో ఆడే వైచీ (గో) ఆటను పేరు పెట్టి ప్రస్తావిస్తాడు. శత్రువు మనమీద, మనం శత్రువు మీద చేసే దాడులు ఒకరి రాళ్లను ఒకరు పట్టుకోవడం లాంటివనీ, శత్రువు నిలిపే బలమైన కేంద్రాలూ మనం నిర్మించే స్థావర ప్రాంతాలూ బోర్డు మీది ఖాళీలను ఆక్రమించే ఎత్తులనీ ఆయన వివరించాడు. శత్రువు వెనుక భాగంలోని స్థావరాల ప్రాధాన్యం ఆ ఖాళీల ఆక్రమణలోనే ఉందంటాడు. 1969లో స్కాట్ బూర్మన్ అనే పరిశోధకుడు ఈ పోలికనే పట్టుకొని మావో వ్యూహం మీద ఒక పుస్తకం రాశాడు.

వైచీ నియమాలు తెలిసినవారికి ఈ పోలికలోని బిగువు వెంటనే అర్థమవుతుంది. అందులో రాజు లేడు, రాళ్ల మధ్య హోదాలు లేవు, ఒకసారి పెట్టిన రాయి కదలదు. ఒక రాళ్ల గుంపు బతకాలంటే దాని లోపల శత్రువు పూడ్చలేని రెండు ఖాళీలు ఉండాలి. చుట్టుముట్టినవాడు బయట మరొకచోట చుట్టుముట్టబడి ఉండవచ్చు. దెబోర్ ఆటలో బలమంతా ఆయుధాగారాల నుంచి బయలుదేరుతుంది, అవి పోతే అంతా పోతుంది. వైచీలో కేంద్రమే లేదు. రాజ్యాధికారం లేనివాడి యుద్ధానికి ఈ రెండింటిలో ఏది సరైన నమూనా అంటే నా ఓటు వైచీకే. ఎంతో ప్రాచీనమైన ఈ ఆటను చైనా పాలకవర్గపు విద్యావంతులే ఎక్కువగా ఆడేవారన్నది వేరే సంగతి.

మీ మిత్రుడి ఆరోపణ విషయానికి వస్తే, సైనిక విద్యను శత్రువుకు వదిలేయాలని వామపక్ష సంప్రదాయం ఎన్నడూ అనుకోలేదు. 1849లో జర్మనీలోని బాడెన్ తిరుగుబాటులో స్వయంగా పోరాడిన ఎంగెల్స్ ఆ తరువాత సైనిక విషయాలపై ఎంత రాశాడంటే, మార్క్స్ కుటుంబంలో ఆయనకు ‘జనరల్’ అన్న ముద్దుపేరు స్థిరపడిపోయింది. లెనిన్ ప్రవాసంలో ఉండగా 1915 ప్రాంతంలో క్లాజ్‌విట్జ్‌ను చదివి నోట్సు రాసుకున్నాడు. ఆట ఆడడం వేరు, యుద్ధశాస్త్రం చదవడం వేరు అనవచ్చు. కాని రైస్విట్జ్ ఆట పుట్టింది కూడా ఆ రెంటినీ ఒకటి చేయడానికే కదా.

షడ్భుజి

ముగ్గురికీ ధన్యవాదాలు. ఎర్రపావు గారికి ఒక ప్రశ్న. మీరు చెప్పిన కోయిన్ ఆటల్లో జనం మనసు లెక్కలోకి వస్తుందన్నారు. కాని ఆ మనసు ఎందుకు మారుతుందో ఆట చెబుతుందా? భూమి ఎవరిది, కూలి ఎంత అన్నవి నియమాలలో ఎక్కడైనా ఉన్నాయా?

సమాధానం: ఎర్రపావు

మీరు సరిగ్గా దాని బలహీనత మీదే వేలు పెట్టారు. ప్రతి ప్రాంతానికీ జనాభాను సూచించే ఒక అంకె ఉంటుంది. ఆ జనం ప్రభుత్వానికి గట్టి మద్దతు నుంచి గట్టి వ్యతిరేకత దాకా అయిదు మెట్లలో ఏదో ఒక మెట్టు మీద ఉంటారు. ప్రభుత్వం వనరులు ఖర్చు పెట్టి వాళ్లను ఒక మెట్టు ఇటు లాగుతుంది, గెరిల్లా వనరులు ఖర్చు పెట్టో, భయోత్పాతం సృష్టించో అటు లాగుతాడు. ఆ జనంలో కౌలుదారు ఎవరో, భూస్వామి ఎవరో బోర్డుకు తెలియదు. ఇది తిరుగుబాటును అణచేవాడి కార్యాలయం నుంచి కనిపించే జనం. దీన్ని కొంతవరకు సరిచేసేవి సంఘటనల కార్డులు. చాలా కార్డులకు రెండు పాఠాలుంటాయి. ఒకే చారిత్రక సంఘటన ప్రభుత్వానికి మేలు చేసినట్టు ఒకటి, తిరుగుబాటుదారులకు మేలు చేసినట్టు మరొకటి. ఏ పాఠం నిజమవుతుందో ఆ కార్డు వాడుకున్నవాడు నిర్ణయిస్తాడు. చరిత్ర ఎవరి చేతిలో ఉంటే వారి కథ చెబుతుందన్న మాటను నియమంగా మార్చడం నాకు నచ్చింది. భూసంస్కరణ గురించి కార్డు వచ్చినప్పుడు మాత్రమే భూసంస్కరణ ఉంటుంది, మిగతా వేళల్లో ఉండదు. అది నాకు నచ్చలేదు.

వర్గాన్నే నియమంగా చేసిన ఆట కావాలంటే, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మార్క్సిజం బోధించిన బెర్టెల్ ఓల్‌మన్ 1978లో వర్గపోరాటం అనే పేరుతోనే ఒకటి తెచ్చాడు. పెట్టె మీద మార్క్స్, అమెరికా కోటీశ్వర రాజకీయ నాయకుడు నెల్సన్ రాక్‌ఫెల్లర్ చేతులు కలిపి బలపరీక్ష చేస్తున్న బొమ్మ ఉంటుంది. బోధనగా మంచిది, వ్యూహంగా పలచన. పాచిక వేసి, పడిన గడిలో రాసింది చదవడంతో చాలా భాగం గడిచిపోతుంది. 2016లో వచ్చిన బ్లాక్ బై బ్లాక్ అంతకన్నా గట్టిది. కార్మికులు, విద్యార్థులు, ఇరుగుపొరుగువారు, ఖైదీలు కలిసి, సైన్యం వచ్చేలోపు నగరాన్ని పోలీసుల నుంచి విడిపించాలి. అయితే ఒక్కొక్కరి చేతిలో రహస్య ఎజెండా కార్డు ఒకటి ఉంటుంది. అందరితో కలిసి గెలవాలనుకునేవాడు, ఉద్యమాన్ని తానే నడిపించాలనుకునేవాడు, ఏదీ నిలవకూడదనుకునేవాడు ఒకే బారికేడు వెనుక నిలబడి ఉండవచ్చు. పోలీసులకన్నా పక్కవాడి మీద అనుమానమే ఎక్కువ పని చేస్తుంది. వామపక్ష సంస్థల్లో తిరిగినవారికి ఈ నియమాన్ని వివరించనక్కరలేదనుకుంటాను.

సమాధానం: సరఫరామార్గం

ఎర్రపావు గారు కమ్యూన్‌ను ప్రస్తావించారు కాబట్టి ఒక మాట కలుపుతాను. 2021లో ఫ్రెడ్ సెర్వాల్ కమ్యూన్ మీద తయారుచేసిన రెడ్ ఫ్లాగ్ ఓవర్ పారిస్ ఇద్దరు ఆడే ఆట, గంటలోపే ముగుస్తుంది. ఒకరు కమ్యూన్, మరొకరు పారిస్ వదిలి వెర్సాయ్‌కు తరలిన ఫ్రాన్సు ప్రభుత్వం. పోరాటం నాలుగు రంగాల్లో జరుగుతుంది: సైనికంగా కోటలూ పారిస్ పేటలూ, రాజకీయంగా సంస్థలూ ప్రజాభిప్రాయమూ. చేతిలోని కార్డు ఒక్కటే, దాన్ని వెచ్చించవలసిన రంగాలు నాలుగు. వెర్సాయ్ మీదికి వెంటనే దండెత్తాలా, ముందు ఎన్నికలు జరిపి సంస్థలను నిలబెట్టుకోవాలా అన్న కమ్యూన్ నాటి సందిగ్ధం ప్రతి కార్డుతోనూ ఎదురవుతుంది. వెంటనే దండెత్తకపోవడం తప్పని మార్క్స్ ఆ ఏప్రిల్‌లోనే ఉత్తరంలో రాశాడు. ఆట ఆడితే ఆ తీర్పు అంత సులువుగా ఇవ్వబుద్ధి కాదు. పేటల్లో బలం పెంచుకుంటే ప్రజాభిప్రాయం జారిపోతుంది, దాన్ని పట్టుకోబోతే కోటలు పోతాయి.

సైనికులు ఎదురుతిరగడం దెబోర్ ఆటలో లేదన్నది నిజమే. కాని మోంమార్త్ర్‌లో సైనికులు జనంతో కలవగలిగింది ఫిరంగులను లాగే గుర్రాలు సమయానికి రాక, దళాలు గంటల తరబడి జనం మధ్య నిలబడిపోవలసి వచ్చినందువల్ల కూడా. వెనుక నుంచి రావలసినవి రాకపోతే ముందున్న దళం ఏమవుతుందో నేను మొదటి సమాధానంలో రాశాను. షడ్భుజి గారూ, మీ మిత్రుడితో ఆడడానికైతే కమ్యూన్ ఆటతో మొదలుపెట్టండి, వెర్సాయ్ పక్షం ఆయనకే ఇవ్వండి. దెబోర్ ఆటకు గళ్లు గీసిన కాగితం, చదరంగపు పావులు చాలు. సమాచార రేఖలు మాత్రం మొదట్లో దారాలు పరిచి చూసుకోవడం మేలు.